చేతిలో చాటింపు

ఒకప్పుడు పాలమూరు పల్లెల్లో ఉత్తరం రావడం ఒక్క ఇంటికి మాత్రమే సంబంధించిన విషయంగా ఉండేది కాదు. బొంబాయిలోనో, పుణేలోనో, ఎక్కడో ఆనకట్ట కడుతున్న చోటనో ఉన్న కూలీ తనకు చదువు రాకపోతే తోటివారిలో అక్షరం తెలిసిన ఒకరిచేత ఉత్తరం రాయించేవాడు. ఇక్కడ దానిని అందుకొన్న తల్లి పోస్టుమాన్‌నో, బడిపంతులునో బతిమాలి చదివించుకొనేది. చదివే మనిషి ఉన్నదున్నట్లు చదివేసి లేచిపోయేవాడు కాదు. అర్థంకాని మాట వస్తే వివరించేవాడు. అనుమానం కలిగితే మళ్లీ వెనక్కు వెళ్లి చూసేవాడు. చెడువార్త అయితే ముందు ఆమెను కూర్చోమని, నెమ్మదిగా చెప్పేవాడు. వార్తకూ, దానిని అందుకొనే మనసుకూ నడుమ అలా ఒక మనిషి ఉండేవాడు.

సెల్‌ఫోను ఆ నడిమి మనిషి అవసరాన్ని తీసివేసింది. ఇది సామాన్యమైన మార్పు కాదు. దీనివల్ల కలిగిన మేలూ, కీడూ రెండూ ఈ ఒక్క మార్పులోనే ఉన్నాయని చెప్పడానికి గద్వాల, వనపర్తి ప్రాంతాలలో 2018లో జరిగిన ఒక ఉదంతం చక్కని నిదర్శనం.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేలను నడిగడ్డ అంటారు. గద్వాల, అలంపురం ఇందులోనివే. కృష్ణకు ఈవల వనపర్తి, దానికి తూర్పున నల్లమల అడవుల దాకా నాగర్‌కర్నూలు ఉన్నాయి. పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలైన ఈ మూడు ప్రాంతాలూ 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి. రెండు పెద్ద నదులు పారుతున్నా కరవు ఎరిగిన సీమ ఇది. గుంపు మేస్త్రీల వెంట బయలుదేరి దేశమంతటా ఆనకట్టలకూ, కాలువలకూ మట్టి మోసిన ‘పాలమూరు కూలీలు’ ఈ ఊళ్లవారే. ముసలివారినీ, చిన్నపిల్లలనూ ఇంట విడిచి, పెద్దలు నెలల తరబడి దూరదేశాలలో ఉండడం ఇక్కడి సంసారాలకు అలవాటైన దుఃఖం.

ఇటువంటి చోటికి స్మార్ట్‌ఫోను రావడం ఎంతటి ఊరటో వేరే చెప్పనక్కరలేదు. వాట్సాప్ 2009లో పుట్టింది. మన పల్లెలకు అది విరివిగా చేరింది మాత్రం 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయిన తరువాతనే. 2017 నాటికే దేశంలో దానిని వాడేవారి సంఖ్య 20 కోట్లు దాటింది. అన్నింటికన్నా ముఖ్యమైనది, దీనిని వాడడానికి అక్షరాలతో పనిలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత సుమారు 50 శాతం. తెలంగాణ జిల్లాలన్నింటిలోనూ అదే తక్కువ. అక్షరం రాని తల్లి కూడా ఒక గుర్తును నొక్కి తన మాటను పంపగలదు, కొడుకు మాటను వినగలదు, వీడియోలో మనుమరాలి ముఖం చూడగలదు. తరతరాలుగా ఉత్తరం చదివేవారి దయ మీద ఆధారపడిన స్త్రీలకు లభించిన ఈ స్వాతంత్ర్యాన్ని చిన్నదిగా చూడరాదు. ఫోను చెడగొట్టిందని ఊరక నిందించేవారు దీనిని తరచుగా మరచిపోతారు.

మరికొన్ని మేళ్లు కూడా ఉన్నాయి. నూలు ఒడలికి పట్టు అంచును, పట్టు కొంగును కలిపి నేసే గద్వాల చీరను నేడు మగ్గం మీద ఉండగానే చిత్రం తీసి దూరాన ఉన్న కొనుగోలుదారుకు చూపవచ్చు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలి, అలంపురం ప్రాంతాలను ముంచివేసినప్పుడు, నీరు రాకముందే మాట రావడం ఎంత విలువైనదో ఈ సీమకు తెలిసివచ్చింది. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ల ద్వారా పాఠాలు మొదలైనప్పుడు టీవీ లేని ఇళ్లలో ఫోనే తరగతి గది అయింది. అయితే ఇంటికి ఉన్న ఒక్క ఫోను తండ్రితోపాటు పనికి పోతే ఆ తరగతి గదికి తలుపులు మూసుకొన్నట్లే. నల్లమల లోపలి చెంచు పెంటల్లో సిగ్నలే అందని చోట్లు ఉన్నాయి. అందరినీ కలుపుతానన్న సాధనం కొందరిని మొదటే బయట నిలిపింది. కాని ఈ వ్యాసం ముఖ్యంగా చెప్పదలచినది అందనివారిని గురించి కాదు. అందినవారికి ఏమి అందిందన్నదే ప్రశ్న.

2018 వేసవిలో గద్వాల, వనపర్తి పల్లెలకు బీటుకు వెళ్లిన పోలీసులకు ఒక వింత కనిపించింది. ఎండాకాలం రాత్రులలో ఇక్కడ ఇంటిలోపల పడుకొనేవారు అరుదు. వాకిళ్లలో, మిద్దెల మీద, చెట్ల కింద మంచాలు వేసుకొని ఊరు ఊరంతా ఆరుబయట నిద్రిస్తుంది. అటువంటిది, ఆ ఏడు పొద్దు గుంకగానే తలుపులు మూతపడుతున్నాయి. ఉక్కపోతలో కూడా జనం లోపలే ఉంటున్నారు. కారణం అడిగితే ఫోన్లు తీసి చూపారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయనీ, అవి పార్ధీ ముఠాలనీ, మనుషులను చంపి అవయవాలు తీసుకుపోతున్నాయనీ వాటిలో సందేశాలు ఉన్నాయి. వాటికి తోడుగా చూడలేనంత క్రూరమైన వీడియోలు కూడా ఉన్నాయి.

ఆ దృశ్యాలలో చాలావాటికి ఈ ప్రాంతంతోనే కాదు, పిల్లల అపహరణతో కూడా సంబంధం లేదు. ఆ కాలంలో దేశమంతటా తిరిగిన ఒక వీడియో కథ వింటే ఈ వంచన ఎలా జరుగుతుందో తెలుస్తుంది. వీధిలో పిల్లలు ఆడుకొంటుంటారు. మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు ఒక పిల్లవానిని ఎత్తుకొని పోతారు. చూసినవారి గుండె ఝల్లుమంటుంది. నిజానికి అది పాకిస్థాన్‌లోని కరాచీ నగరంలో తప్పిపోయే పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ, తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీయించిన చిత్రం. దాని చివర ఆ ఇద్దరూ వెనక్కు వచ్చి, పిల్లవానిని దింపి, హెచ్చరిక రాసిన అట్టను చూపుతారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. పిల్లలను కాపాడడానికి చేసిన చిత్రం పిల్లల దొంగల సాక్ష్యంగా మారిపోయింది. అందులో లేని దృశ్యాన్ని ఎవరూ చేర్చలేదు, ఉన్నదానినే కొంత తీసివేశారు. కంటితో చూసినదంతా నిజమే అయినా, చూసినదానికి అర్థం అబద్ధం కావచ్చు.

మరి ఇంతమంది ఎందుకు నమ్మారు? పల్లెవారు అమాయకులు, చదువులేనివారు అని తేల్చివేయడం సులభం. అది సరికాదు. అదే పుకార్లను నమ్మి మహానగరాలలో కూడా మనుషులను కొట్టి చంపారు. మొదటి సంగతి, సందేశం అపరిచితుని నుంచి రాలేదు. అన్న పంపాడు, మేనమామ పంపాడు, పొలం గట్టు పక్కవాడు పంపాడు. ‘మనోడే పంపిండు గదా’ అనుకొంటాం. పంపినవాని మీద ఉన్న నమ్మకం అతడు పంపినదాని మీదికి తెలియకుండానే జారుకొంటుంది. అతనికి దానిని ఎవరు పంపారో, వారికి ఎవరు పంపారో మనం అడగం. అడిగినా అతడు చెప్పలేడు. పైగా ఒకే సందేశం ఐదుగురి నుంచి వస్తే మనసు దానిని ఐదు సాక్ష్యాలుగా లెక్కిస్తుంది. ఒకే నోట పుట్టిన మాట ఐదు దారుల వెంట ఇంటికి చేరిందని తట్టదు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెత మనకు ఉండనే ఉంది. ఈ పొగను మాత్రం నిప్పుతో పనిలేకుండా ఎవరైనా ఎంతైనా పుట్టించవచ్చు.

భయం పిల్లలకు సంబంధించినది కావడం మరొక కారణం. తల్లిదండ్రులు పనికి దూరం వెళ్లిన ఇంట, మనుమలను కనిపెట్టుకొని ఉన్న అవ్వకు అటువంటి వార్త వస్తే, ‘నిజమో కాదో, నలుగురికి చెప్పడం మంచిది కదా’ అనిపిస్తుంది. పుకారును పంచినవారిలో ఎక్కువమంది దుర్మార్గులు కారు. వారు హెచ్చరిస్తున్నామని అనుకొన్నారు. ఈ సంగతి గ్రహించకపోతే పుకారు బలం మనకు అర్థం కాదు.

అవయవాల మాటను కొంచెం ఆలోచించినా దాని డొల్లతనం బయటపడుతుంది. శరీరం నుంచి వేరుచేసిన గుండె మరొకరికి పనికివచ్చేది నాలుగు నుంచి ఆరు గంటలపాటు మాత్రమే. అదీ తగిన ద్రావణంలో, మంచులో భద్రపరిస్తేనే. ఇచ్చేవారి రక్తం పుచ్చుకొనేవారికి సరిపోవాలి. శస్త్రచికిత్స గది, నిపుణులైన వైద్యులు సిద్ధంగా ఉండాలి. చేను గట్టున కత్తితో చేయగల పని కాదది. అయితే రాత్రిపూట ఫోను చూసి వణికే మనిషి దగ్గర కూర్చొని ఈ మాట చెప్పేవారు ఎవరు? ఉత్తరం చదివిపెట్టిన మనిషి ఉండవలసిన చోటు అప్పటికే ఖాళీ అయింది.

ఇక పార్ధీల పేరు. అది కొత్తగా పుట్టిన భయం కాదు. పశ్చిమ, మధ్య భారతదేశాలలో వేట మీద బతికిన సంచార జాతి పార్ధీలు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, ఇటువంటి ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసింది. స్వతంత్ర భారతదేశం 1952లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. చట్టం పోయినా ముద్ర పోలేదు. సుమారు నూట యాభై ఏళ్లనాటి ఆ అనుమానమే సరికొత్త ఫోనులో ఎక్కి ఊరూరా తిరిగింది. యంత్రం కొత్తదైనంత మాత్రాన అది మోసే సరకు కొత్తదని అనుకోరాదు.

ఆ ఏడు దేశంలో ఆ పుకార్లకు బలైనవారిని చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. బెంగళూరులో మే నెలలో చంపబడినవాడు పని వెతుక్కొంటూ రాజస్థాన్ నుంచి వచ్చిన యువకుడు. అదే నెలాఖరున హైదరాబాదు పాతబస్తీలో గుంపు చేతిలో మరణించినది ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో చనిపోయిన ఐదుగురూ సంచార జాతికి చెందిన యాచకులు. తమను తెలిసినవారు ఆ ఊరిలో లేకపోవడమే వారి నేరం. పొట్టచేతపట్టుకొని పరాయి ఊరికి వెళ్లేవారి సీమ మనది. ఆ రాజస్థాన్ యువకుని స్థానంలో ఒక పాలమూరు కూలీని ఊహించుకోవడానికి ఎంతో శ్రమపడనక్కరలేదు.

జులై 13న మన పొరుగున ఉన్న బీదర్ జిల్లాలో జరిగినది మరీ ఘోరం. హైదరాబాదు నుంచి విహారానికి వెళ్లిన కొందరు మిత్రులు దారిలో కనిపించిన బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. చూసినవారికి అనుమానం వచ్చి వాగ్వాదం జరిగింది. ప్రమాదాన్ని గ్రహించి వారు కారులో బయలుదేరారు. వారి దృశ్యాలు వాట్సాప్ ద్వారా వారికంటే ముందే ముర్కి గ్రామం చేరాయి. అక్కడ దారికి అడ్డుకట్ట వేశారు. ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణాలు కోల్పోయాడు. కాపాడబోయిన పోలీసులు కూడా గాయపడ్డారు. అక్టోబరు వరద రోజులలో ప్రాణాలు నిలపగల వేగం ఇదే. ఇక్కడ కారును దాటిపోయి ప్రాణం తీసింది.

ఇప్పుడు గద్వాలకు తిరిగివద్దాం. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉండి, వనపర్తి బాధ్యతను కూడా చూస్తున్న అధికారిణి రెమా రాజేశ్వరి. ఈ రెండు జిల్లాలలో నాలుగు వందలకు పైగా గ్రామాలు ఉన్నాయి. ఈ సమస్యకు ఆమె వెతికిన పరిష్కారం ఫోనులో కాక ఊరిలో దొరికింది. గ్రామానికొక పోలీసును బాధ్యునిగా నియమించి, అతడు ఆ ఊరికి పలుమార్లు వెళ్లి, ఇంటింటి మనుషులనూ పేరుపేరునా తెలుసుకొనే ఏర్పాటు ఆమె చేశారు. బయట మంచాలు లేవన్న సంగతి పోలీసుల దృష్టికి రావడానికి కూడా ఇదే కారణం. ఏ సాఫ్ట్‌వేరూ ఆ ఖాళీ వాకిళ్లను చూసి ఉండేది కాదు.

తరువాత డప్పు కదిలింది. పల్లెలో ఏదైనా అందరికీ తెలియాలంటే చాటింపు వేయడం అనాదిగా ఉన్న పద్ధతి. డప్పు కళాకారులు, పాటగాళ్లు పోలీసులతో కలిసి ఊరూరా తిరిగారు. ఇటువంటి సందేశాలు వస్తే నమ్మవద్దనీ, కొత్తమనిషి కనిపిస్తే చేయి చేసుకోకుండా పోలీసులకు తెలపాలనీ పాటలు కట్టి పాడారు. జనం చుట్టూ చేరితే ఆ ఫోన్లలోని సందేశాలనే తీసి, ఇది ఎందుకు నిజం కాదో వివరించారు. పోలీసులు ఊరి వాట్సాప్ గ్రూపులలో కూడా సభ్యులయ్యారు. అనుమానం వచ్చిన సందేశాన్ని వారికి పంపి అడగవచ్చు. దేశంలో పలుచోట్ల మనుషులు చంపబడుతున్న ఆ నెలలలో ఈ నాలుగు వందల గ్రామాలలో ఆ పుకార్ల వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ సంగతి దేశవిదేశాల పత్రికలకు ఎక్కింది.

ఈ ప్రయత్నం ఎందుకు ఫలించిందో విచారించడం మంచిది. పోలీసులు కూడా వాట్సాప్‌లో ‘నమ్మవద్దు’ అని ఒక సందేశం పంపి ఊరుకొని ఉంటే, అది వేయి సందేశాలలో వేయిన్నొకటవది అయ్యేది. దానిని నిజమనీ, ముందు వచ్చినదానిని అబద్ధమనీ ఎంచుకోవడానికి జనానికి ఆధారం ఏముంటుంది? డప్పు మోగించిన మనిషి మాత్రం ఎదురుగా నిలబడ్డాడు. అతనిని తిరిగి అడగవచ్చు. ‘మరి ఆ వీడియోలో చూసింది ఏంది?’ అంటే అతడు జవాబు చెప్పాలి. రేపు తన మాట తప్పని తేలితే అతడు మళ్లీ ఇదే రచ్చకట్ట మీదికి రావలసినవాడు. చాటింపుకూ, ఫార్వర్డుకూ ఉన్న భేదం ఇక్కడే ఉంది. రెండూ ఊరంతటికీ చేరతాయి, కాని ఒకదానికి ముఖం ఉంది. ఫోను మన మాటను సముద్రాలు దాటించగలదు, ఆ మాటకు జవాబుదారిని మాత్రం వెంట తీసుకురాలేదు.

ఈ మార్గానికి కూడా పరిమితి లేకపోలేదు. నాలుగు వందల ఊళ్లకు మనుషులను పంపడం శ్రమతో కూడిన పని. అధికారి మారితే శ్రద్ధ కూడా మారవచ్చు. ఊరి గ్రూపులో పోలీసు ఉండడం ఆపదలో మేలే అయినా, పాలకులను విమర్శించే మాటలు కూడా అదే గ్రూపులో నడుస్తాయి గనుక అది ఎల్లవేళలా మంచిదని నేను చెప్పలేను. ఆ జులై 17న సుప్రీంకోర్టు మూకహత్యలపై తీర్పునిస్తూ, ప్రతి జిల్లాలోనూ ఎస్పీ హోదాకు తగ్గని అధికారిని వీటి నివారణకు నియమించాలని ఆదేశించింది. ఆదేశం అన్ని జిల్లాలకూ ఒకటే, డప్పు అన్ని చోట్లా మోగలేదు.

వాట్సాప్ సంస్థ కూడా కొన్ని మార్పులు చేసింది. 2018 జులైలో, ఇతరుల నుంచి వచ్చి ముందుకు పంపబడిన సందేశం మీద ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తు కనిపించేటట్లు చేసింది. అదే నెలలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారి ఐదు చోట్లకు మించి పంపరాదని పరిమితి విధించింది. ఐదు అంటే చాలా తక్కువని తోస్తుంది, కాని లెక్క వేసి చూడండి. అప్పట్లో ఒక గ్రూపులో 256 మంది ఉండవచ్చు. ఐదు గ్రూపులంటే 1,280 మంది. గ్రూపుకు ఒక్కరు చొప్పున మరో ఐదు గ్రూపులకు పంపితే 6,400 మంది. మరొక్క అడుగు వేస్తే 32,000 మంది. అందుకే 2020 ఏప్రిల్‌లో, అప్పటికే ఐదుసార్లకు పైగా చేతులు మారిన సందేశాన్ని ఒకసారి ఒక్కచోటికే పంపేటట్లు నియమాన్ని బిగించారు. అటువంటి సందేశాల ప్రవాహం 70 శాతం తగ్గిందని ఆ సంస్థ ప్రకటించింది. ప్రవాహం తగ్గింది నిజమే, అయితే వాటిలో మంచివెన్నో చెడ్డవెన్నో ఆ లెక్క చెప్పదు. 2016 నుంచి ఈ సందేశాలు పంపినవారికి, అందుకొన్నవారికి తప్ప మరెవరికీ, ఆ సంస్థకు సైతం, కనిపించనంతగా తాళం వేయబడి ఉన్నాయి. భార్యాభర్తల మాటలను పరుల చెవిన పడకుండా కాపాడే తాళం ఇదే, పుకారు పుట్టించినవానిని దాచే తాళమూ ఇదే. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాలు, సందేశాన్ని మొదట పంపినవారిని గుర్తించగలగాలని కోరాయి. అది గోప్యతకు భంగమని వాట్సాప్ అదే ఏడు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. ఇటువంటి తాళాన్ని సగం మాత్రమే తెరవడం సాధ్యమా అన్నది న్యాయస్థానాలతోపాటు గణితశాస్త్రజ్ఞులు కూడా చర్చిస్తున్న ప్రశ్న.

ఆ ‘ఫార్వర్డెడ్’ గుర్తును మరొకసారి చూడండి. వంగిన చిన్న బాణం, దాని పక్కన ఒక మాట. పంపినవాడు ఈ మాటను పుట్టించలేదు, మోశాడంతే అని దాని అర్థం. మాట వినడానికీ, బొమ్మ చూడడానికీ అక్షరాలు అక్కరలేని ఫోనులో, జాగ్రత్త చెప్పే ఆ ఒక్క గుర్తును తెలుసుకోవడానికి మాత్రం చదువు కావాలి. నడిగడ్డలోని ఒక ఇంట్లో అది చదవగలిగినది ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి ఒక్కతే కావచ్చు. పొద్దుపోయాక పుణే నుంచో, పక్క ఊరి నుంచో ఒక వీడియో వస్తుంది. తల్లి దానిని చూసి, ముఖం చిన్నబుచ్చుకొని, ఫోనును కూతురి చేతికి ఇస్తుంది. ‘ఇదేందో జర సూడు బిడ్డా’ అంటుంది.